విభూది బుధవారం వచ్చిన వారం: క్యాథలిక్ స్కూల్ రిసెప్షన్ క్లాస్‌లో నా అనుభవం

ఇంగ్లండ్‌లో ఉన్న మన తెలుగు పేరెంట్స్ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంటి దగ్గర్లో క్యాథలిక్ స్కూల్ ఉంది, బాగుంటుందంటున్నారు, కానీ నాలుగేళ్ల పిల్లని అక్కడ వేస్తే రోజంతా ప్రార్థనలే చేయిస్తారా, చదువెప్పుడు చెప్తారు, ఆటలెప్పుడు ఆడిస్తారు, మనం క్రిస్టియన్స్ కాకపోతే ఎలా అని. నేను టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) కోర్సు చేస్తూ ప్లేస్‌మెంట్ కోసం ఒక క్యాథలిక్ ప్రైమరీ స్కూల్‌లో రిసెప్షన్ క్లాస్‌కి వెళ్లాను, 2025 మార్చి 3 సోమవారం నుంచి 7 శుక్రవారం వరకు. ఆ వారం కావాలని ఎంచుకోలేదు గానీ అంతకంటే మంచి వారం దొరికేది కాదు, ఎందుకంటే మంగళవారం ష్రోవ్ ట్యూస్‌డే, బుధవారం విభూది బుధవారం (నుదుట విభూదితో సిలువ గుర్తు పెట్టి, ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం, అంటే లెంట్, మొదలుపెట్టే రోజు), గురువారం వరల్డ్ బుక్ డే, మూడూ వరసగా వచ్చాయి. చూసింది చూసినట్టు రాస్తున్నా. పిల్లల పేర్లు, స్కూల్ పేరు రాయను, ఫొటోలు కూడా అడగొద్దు, లోపలికి వెళ్లగానే ఫోన్ లాకర్లో పెట్టేయాలి, పిల్లల ఫొటో తీయాలంటే స్కూల్ టాబ్లెట్‌తోనే తీయాలి. దానికి ముందు ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ చెక్ (నేర చరిత్ర ఉందేమో చూసే తనిఖీ) రావాలి, సేఫ్‌గార్డింగ్ ట్రైనింగ్ (పిల్లల భద్రత గురించి) అవ్వాలి, అప్పుడు గానీ క్లాస్‌లో అడుగుపెట్టనివ్వరు. అంత కట్టుదిట్టంగా ఉండటం నాకు చాలా నచ్చింది.

తెలియనివాళ్లకి ముందు కొంచెం చెప్పాలి. రిసెప్షన్ అంటే నాలుగు నుంచి ఐదేళ్ల పిల్లలు, ఇక్కడ స్కూల్లో మొదటి సంవత్సరం. ఒక టీచర్‌కి 30 మందికి మించి పిల్లలుండకూడదని చట్టం. ఈవైఎఫ్ఎస్, అంటే ఎర్లీ ఇయర్స్ ఫౌండేషన్ స్టేజ్ అని ప్రభుత్వం పెట్టిన ఫ్రేమ్‌వర్క్ ఉంటుంది, అందులో ఏడు ఏరియాలు. మాట్లాడటం, వినడం ఒకటి, ఒంటి కదలికలు ఒకటి, మనసు, స్నేహాలు, తనని తాను చూసుకోవడం ఒకటి, ఈ మూడూ పునాది. వీటి మీద చదవడం రాయడం, లెక్కలు, చుట్టూ ఉన్న ప్రపంచం, బొమ్మలు పాటలు నటన, ఈ నాలుగు. క్యాథలిక్ స్కూల్ అయినా ఇవన్నీ అలాగే చెప్పాలి, ఇందులో తగ్గింపు ఏమీ లేదు. దీనికి తోడు బిషప్‌ల నియమం ప్రకారం బోధన సమయంలో 10 శాతం ఆర్ఈ, అంటే మతబోధకి ఇవ్వాలి. వారానికి సుమారు రెండున్నర గంటలు అనుకోండి. 2023లో ఇంగ్లండ్, వేల్స్ బిషప్‌లు కొత్త రిలీజియస్ ఎడ్యుకేషన్ డైరెక్టరీ ఇచ్చారు, అందులో సంవత్సరాన్ని ఆరు భాగాలు చేశారు, వాటిని బ్రాంచ్‌లు అంటారు. నేను వెళ్లింది నాలుగో బ్రాంచ్ మొదలయ్యే సమయం, డెజర్ట్ టు గార్డెన్ అంటారు దాన్ని, యేసు ఎడారిలో ఉపవాసం ఉన్న దగ్గర మొదలుపెట్టి ఈస్టర్ పొద్దున్న తోటలో సమాధి ఖాళీగా కనిపించేదాకా.

కాగితం మీద ఇదంతా బరువుగా కనిపిస్తుంది. క్లాస్‌లో మాత్రం ఒక చిన్న బల్ల. మోకాలెత్తు ఉంటుంది, దానిమీద ఆకుపచ్చ గుడ్డ, ఒక సిలువ, బైబిల్, మరియమ్మ బొమ్మ, బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తి. ప్రేయర్ టేబుల్ అంటారు. పిల్లలు దాన్ని ముట్టుకోవచ్చు, సర్దొచ్చు, కొవ్వొత్తి స్విచ్ వేయడం ఆ రోజు హెల్పర్ పని. సోమవారం పొద్దున్న రిజిస్టర్ అయ్యాక అందరూ కార్పెట్ మీద కూర్చున్నారు, టీచర్ పిల్లలకి ఎదురుగా కూర్చుని సిలువ గుర్తు వేశారు, ఎడమ చేత్తో! నేను ఒక్క క్షణం ఆగి చూశాక అర్థమైంది, నాలుగేళ్ల పిల్లలు ఎదుటి మనిషిని అద్దంలో చూసినట్టే అనుకరిస్తారు, ఆవిడ కుడిచేత్తో వేస్తే సగంమంది ఎడమ చెయ్యి ఎత్తుతారు. అందుకని ఆవిడ తన వైపు మార్చుకున్నారు. నుదురు, గుండె, ఎడమ భుజం, కుడి భుజం, పిల్లలందరూ కుడిచేత్తోనే వేశారు. అది ప్రార్థన, అదే సమయంలో కుడి ఎడమల పాఠం కూడా, చెయ్యి ఒంటి మధ్యగీత దాటి అవతలికి వెళ్లే వ్యాయామం కూడా (రాయడానికి ఇది చాలా ముఖ్యమని కోర్సులో చెప్తారు, పెన్సిల్ పట్టుకునేముందు భుజం, మోచెయ్యి బలపడాలి).

ఆ రోజుల్లో పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లో జెమెల్లీ హాస్పిటల్‌లో ఉన్నారు, ఫిబ్రవరి 14న చేరారు, రెండు ఊపిరితిత్తులకీ న్యుమోనియా. పిల్లలకి ఆ విషయం తెలుసు. ఎవరికోసం ప్రార్థిద్దాం అని టీచర్ అడిగితే ఒకడు మా పిల్లి కోసం అన్నాడు, ఒక పాప పోప్ కోసం అంది, ఇంకొకడు ఆయనకి ముక్కులో పైపు పెట్టారా, మా నానమ్మకి పెట్టారు అన్నాడు. టీచర్ ఆ పిల్లాడి మాటని పక్కకి తోసేయలేదు. అవును, ఊపిరి తీసుకోవడానికి సాయం చేస్తున్నారు, మీ నానమ్మకి కూడా అలాగే చేశారన్నమాట, ఇద్దరికోసం ప్రార్థిద్దామా అన్నారు. పిల్లి, నానమ్మ, పోప్ ముగ్గురూ ఒకే ప్రార్థనలోకి వచ్చేశారు. నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది నిజంగా. పెద్దవాళ్లం మనం వీటిని చిన్నా పెద్దా అని వేరు చేసుకుంటాం.

తర్వాత ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలతో చదవడం నేర్పే పాఠం. ఇక్కడ మాత్రం ఆట తగ్గించి, టైమ్ ప్రకారం, రోజూ తప్పకుండా చేస్తారు. మార్చికి పిల్లలు ఒక్కో అక్షరం శబ్దాలు దాటేసి రెండు మూడు అక్షరాలు కలిసి ఒకే శబ్దం ఇచ్చేవాటికి వచ్చారు. ఆ రోజు ఐ, జీ, హెచ్ మూడూ కలిసి 'ఐ' అనే శబ్దం, నైట్‌లో, లైట్‌లో వచ్చేది. మూడక్షరాలు, ఒక్క శబ్దం అని వేళ్లు చూపిస్తూ పిల్లలు చెప్తుంటే ముచ్చటేసింది. సంవత్సరం చివరికి ప్రతి అక్షరానికీ శబ్దం చెప్పాలి, రెండక్షరాలు కలిసి ఒకే శబ్దం ఇచ్చే జంటలు కనీసం 10 రావాలి, అది టార్గెట్. మన తెలుగు పేరెంట్స్‌కి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది ఇక్కడ. మన హల్లుల్లో అచ్చు ఎప్పుడూ కలిసే ఉంటుంది కదా, క అన్నా మ అన్నా లోపల అ ఉంది. ఇక్కడ ఆ అచ్చు రాకూడదు, పెదాలు మూసి మ్‌మ్‌మ్ అనాలి, స్‌స్‌స్ అనాలి. క-యా-ట అని విడివిడిగా పలికితే పిల్లలకి కలిపినప్పుడు క్యాట్ అనే మాట వినపడదు. ఇంట్లో సాయం చేసేటప్పుడు ఇది చూసుకుంటే చాలు, మిగతాది వాళ్లే పట్టుకుంటారు.

మంగళవారం పాన్‌కేక్‌ల రోజు. ఇక్కడ అందరూ చేసుకుంటారు, మతంతో పని లేకుండా. అసలు సంగతేమిటంటే, తపస్సు కాలం ఉపవాసాల ముందురోజు ఇంట్లో ఉన్న గుడ్లు, పాలు, వెన్న వాడేయడం. టీచర్ ఈ కారణాన్ని ముందే చెప్పలేదు. బల్లమీద గుడ్లు, పాలు, పిండి, వెన్న పెట్టి, వీటిలో ఏవి ఎక్కువ రోజులు ఉంటే పాడవుతాయి అని అడిగారు. దానిమీద పెద్ద చర్చ. పిండి పాడవదని ఒకరు, మా ఇంట్లో పిండిలో పురుగులొచ్చాయని ఒకరు. అలర్జీ లిస్ట్ గోడకి ఉంది, దాని ప్రకారం ఇద్దరు పిల్లలకి వేరే పిండి, వేరే గిన్నె, వేరే గరిటె, అది సీనియర్ టీఏ దగ్గరుండి చూసుకున్నారు. కలపడం పిల్లలదే, కప్పులు లెక్కపెట్టడం పిల్లలదే. ముందు ఏం చేశాం, తర్వాత ఏం చేశాం, చివరికి ఏం చేశాం అని బొమ్మల కార్డులు వరసగా పెట్టించారు, ఈ వరస చెప్పగలిగిన పిల్లలు రేపు కథ చెప్పగలరు, ఎల్లుండి రాయగలరు. పాన్‌కేక్‌ని సగం చేసి రెండు సగాలు సమానమా కాదా అని గొడవ, అదీ లెక్కలే.

మధ్యాహ్నం ఇంకొకటి చేశారు, అది నేను ఎక్కడా చూడలేదు. పెద్ద కాగితం మీద అల్లెలూయ (దేవుణ్ణి స్తుతించే మాట) అని రాసి ఉంది, పిల్లలు దానికి రంగులు వేశారు, మెరుపులు అంటించారు, గట్టిగా ఆ పాట పాడారు, తర్వాత దాన్ని చుట్టి ఒక పెట్టెలో పెట్టి మూత వేశారు. తపస్సు కాలం మొత్తం పూజలో, అంటే చర్చిలో మాస్‌లో, అల్లెలూయ పాడరు కదా, మళ్లీ ఈస్టర్‌కే. మనం పెద్దయ్యాక కూడా అది గమనించకుండా చర్చికి వెళ్లొచ్చేవాళ్లం ఉన్నాం. ఈ పిల్లలు మాత్రం ఆ మాటని తమ చేతుల్తో పెట్టెలో పెట్టారు, ఇక మర్చిపోవడం కష్టం. ఒక పాప అడిగింది, లోపల దానికి చీకటి కదా, భయం వెయ్యదా అని. టీచర్ వెంటనే జవాబు చెప్పలేదు. నీకేమనిపిస్తోంది అన్నారు. పాప ఆలోచించి, అది నిద్రపోతుంది అంది. పక్కనున్నవాడు, ఈస్టర్‌కి లేస్తుంది అన్నాడు. ఆవిడ తల ఊపి పెట్టెని అల్మారా మీద పెట్టారు, అంతే. ఆ వారం నేను ఆవిడ దగ్గర నేర్చుకున్న ముఖ్యమైన పని అదే, జవాబు నోటిదాకా వచ్చినా ఆపుకుని పిల్లలకి టైమ్ ఇవ్వడం. వినడానికి తేలిగ్గా ఉంది గానీ ఎంత కష్టమో చేసేవాళ్లకి తెలుస్తుంది.

బుధవారం పొద్దున్న పిల్లలు కోట్లు తగిలించి లోపలికొచ్చేసరికి ప్రేయర్ టేబుల్ మీద ఆకుపచ్చ గుడ్డ లేదు, ఊదా రంగు గుడ్డ ఉంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. రిజిస్టర్ పిలుస్తుండగానే ఒకడు లేచి మిస్, మిస్, టేబుల్ మారిపోయింది అని అరిచాడు. ఇక అందరూ అక్కడే. క్రిస్మస్‌కి ముందు కూడా ఇదే రంగు వేశాం అని ఒక పాప గుర్తుచేసుకుంది, అది ఆగమన కాలం. పండగ ముందు ఎదురుచూసే రోజుల్లో ఊదా, పండక్కి తెలుపు, మామూలు రోజులకి ఆకుపచ్చ, పెంతెకోస్తుకి ఎరుపు, ఇది చర్చి క్యాలెండర్. రోజులు, వారాలు, నెలలు ఇంకా పూర్తిగా పట్టుబడని వయసులో కాలం నడుస్తోందని ఒక రంగు చూసి తెలుసుకుంటున్నారు.

విభూది ఎక్కడినుంచి వస్తుందనేది కూడా చూపించారు. పోయిన ఏడాది మ్రానికొమ్మల ఆదివారం (పామ్ సండే, ఈస్టర్ ముందు ఆదివారం) నాడు ఇచ్చిన, ఆకు మట్టలతో చేసిన సిలువలు కొన్ని కుటుంబాలు వెనక్కి తెచ్చిచ్చాయి. ముందు పిల్లలు వాటిని పట్టుకుని చూశారు, భూతద్దం పెట్టి చూశారు, పక్కనే ఒక పచ్చటి ఆకు పెట్టి తేడా చెప్పారు: గరుకుగా ఉంది, విరిగిపోతోంది, గడ్డి వాసన వస్తోంది. తర్వాత ఆటస్థలంలో పిల్లల్ని బాగా దూరంగా నిలబెట్టి ఒక ఇనప పళ్లెంలో హెడ్‌టీచర్ కొన్ని కాల్చారు. మంట, పొగ, నల్లబడటం, ముడుచుకుపోవడం, బూడిద. ఇప్పుడు మళ్లీ ఆకు చేయగలమా అని అడిగితే ఒకడు నీళ్లు పోస్తే అవుతుందన్నాడు. సరే చూద్దాం అని చల్లారాక చిటికెడు బూడిదలో నీళ్లు పోశారు, నల్లటి ముద్ద అయింది, ఆకు కాలేదు. వాడు చాలాసేపు ఆ గిన్నె దగ్గరే ఉన్నాడు. చుట్టూ ఉన్న ప్రపంచం అనే ఏరియాలో మార్పులు గమనించడం అని ఒక మాట ఉంటుంది ఫ్రేమ్‌వర్క్‌లో, దానికి ఇంతకన్నా మంచి పాఠం నేను ఊహించలేను, అదే పాఠం ఆ రోజు ప్రార్థనకి కూడా పునాది.

హాల్‌లో ఫాదర్ వచ్చి ప్రార్థన చేయించారు. విభూది పెట్టేటప్పుడు చెప్పే మాటలు రెండు రకాలు, నువ్వు మట్టివని, తిరిగి మట్టివవుతావని గుర్తుంచుకో అనేది ఒకటి, మారుమనస్సు పొంది సువార్తను విశ్వసించు అనేది రెండోది. చిన్నపిల్లలకి ఫాదర్ రెండోదే వాడారు. విభూది పెట్టించుకోవాలా వద్దా అనేది ముందే ఇంటికి లెటర్ పంపి కనుక్కున్నారు, క్యాథలిక్స్ కాని పిల్లలు ఈ క్లాస్‌లో చాలామందే ఉన్నారు. వద్దన్న పిల్లలు కూడా లైన్‌లోనే వచ్చారు, గుండెమీద చేతులు అడ్డంగా పెట్టుకుంటే ఫాదర్ దీవించి పంపారు, ఎవరూ వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోలేదు. ఒక బాబు విభూది పెట్టించుకోవాల్సినవాడే, దగ్గరికొచ్చాక భయపడి వెనక్కి జరిగాడు. ఫాదర్ బలవంతం చేయలేదు, నీ చేతిమీద పెట్టనా అన్నారు, వాడు చెయ్యి చాపాడు. క్లాస్‌కి వచ్చాక ఒక పాప, ముఖం కడుక్కుంటే ఇది పోతుందా, పోతే దేవుడికి కోపం వస్తుందా అంది. పోతుంది, కోపం రాదు అని టీచర్ అంటే పాప ముఖంలో ఎంత నిశ్చింతో. తర్వాత చిన్న చిన్న అద్దాలు ఇచ్చి తమ ముఖాలు తామే చూసి గీయమన్నారు. మామూలుగా ఈ వయసులో ముఖం అంటే ఒక గుండ్రం, రెండు చుక్కలు. ఆ రోజు ప్రతి బొమ్మకీ నుదురు ఉంది! సిలువ గీయాలంటే నుదురు కావాలి కదా. జుట్టు ఎక్కడ మొదలవుతుంది, కనుబొమలు ఎక్కడుంటాయి అని అద్దంలో చూసి చూసి గీశారు.

తపస్సు కాలంలో ఏం మానేస్తావు అని పెద్దవాళ్లు అడుగుతారు. అసలు పిల్లలకి ఉపవాస నియమం లేదు, చర్చి చట్టం ప్రకారం మాంసం మానడం 14 ఏళ్ల నుంచి, ఉపవాసం 18 నుంచి 59 వరకు. అందుకని టీచర్ ప్రశ్ననే మార్చారు, ఇంట్లో ఎవరికి నువ్వు సాయం చేయగలవు అని. ఒక పాప, టాబ్లెట్‌లో ఏం చూడాలో తమ్ముణ్ణి ముందు ఎంచుకోనిస్తా అంది, నాలుగేళ్ల పిల్లకి అది మామూలు త్యాగం కాదు. అప్పుడే ఒక ముస్లిం బాబు చెయ్యెత్తి, మా నాన్న ఉపవాసం ఉన్నాడు, నీళ్లు కూడా తాగడు, చీకటిపడ్డాక తింటాం అన్నాడు. ఆ ఏడాది రంజాన్ నెల కూడా సరిగ్గా దానికి ముందు వారాంతంలోనే మొదలైంది. మిగతా పిల్లలు వాడి చుట్టూ చేరి నీళ్లు కూడానా, పళ్లు తోముకుంటాడా, నీకు ఆకలేస్తే ఎలా అని ప్రశ్నలమీద ప్రశ్నలు. వాడు ఎంత గర్వంగా జవాబులు చెప్పాడో. డైరెక్టరీలో ఆరో బ్రాంచ్ పేరు డైలాగ్ అండ్ ఎన్‌కౌంటర్, ఇతర మతాలని గౌరవంగా తెలుసుకోవడం. అది సమ్మర్ టర్మ్‌లో వస్తుంది, కానీ ఆ బాబు ముందే తెచ్చేశాడు, టీచర్ ఆపలేదు.

లెక్కలు ఆ రోజు 40తో. రిసెప్షన్‌లో పిల్లలు గట్టిగా నేర్చుకోవాల్సింది 10 వరకే, 10 లోపల అంకెలు ఎలా విడిపోతాయి, ఎలా కలుస్తాయి, ఐదు వరకు వస్తువులు లెక్కపెట్టకుండా చూడగానే చెప్పగలగాలి. మరి 40 అంటే వాళ్లకి ఏం తెలుస్తుంది? నేల మీద టేప్‌తో పెద్ద టెన్ ఫ్రేమ్‌లు నాలుగు వేశారు, పదేసి గళ్లు. నున్నటి రాళ్లు తెచ్చి గడికొకటి పెట్టించారు. నాలుగు పదులు. రోజుకొక రాయి తీస్తారు, ఆదివారాలు తీయరు, ఎందుకంటే ఆదివారం ఉపవాసం రోజు కాదు, ప్రతి ఆదివారం చిన్న ఈస్టరే. విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులు వస్తాయి, ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఈ తీసివేత పిల్లలకి చెప్పలేదు, నాకు టీఏ చెప్పారు, చిన్నప్పటినుంచి తపస్సు కాలం పాటిస్తున్నా ఎప్పుడూ లెక్కేసి చూడలేదు నేను.

గురువారం వరల్డ్ బుక్ డే గురించి ఎక్కువ రాయను. పిల్లలకి 1 పౌండ్ టోకెన్ ఇస్తారు, దాంతో పుస్తకం తీసుకోవచ్చు, అది మంచి పని. డ్రెస్‌లు కొనిపించడం మాత్రం నాకు నచ్చదు, చాలా ఇళ్లకి అది భారం. ఈ స్కూల్‌లో రిసెప్షన్‌కి పైజమాలు వేసుకుని ఇష్టమైన నిద్రపోయేముందు కథ తెచ్చుకోమన్నారు, పైజమాలు అందరికీ ఉంటాయి కాబట్టి ఎవరూ తక్కువ కాలేదు. హాయిగా గడిచింది. తపస్సు కాలంలో రెండోరోజే ఇంత సందడా అని నాకు మొదట అనిపించింది గానీ, పొద్దున్న ప్రార్థనలో టీచర్ కథలు చెప్పేవాళ్లందరికీ థాంక్స్ చెప్పించారు, రెండూ కలిసిపోయాయి.

శుక్రవారం గురించి ఎంత రాసినా తనివి తీరదు. ఆ ఆదివారం మార్చి 9, పూజలో చదివే సువార్త లూకా 4వ అధ్యాయం, యేసు ఎడారిలో శోధింపబడటం. పిల్లలకి దాన్ని ఇసక పెట్టెతో చెప్పారు. చెక్క పెట్టె, సగం వరకు ఇసక, రెండు మూడు రాళ్లు, ఒక చిన్న చెక్క మనిషి. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. టీచర్ పిల్లల వైపు చూడకుండా ఇసక వైపే చూస్తూ, చాలా నెమ్మదిగా, చేత్తో ఇసకని గుట్టలుగా జరుపుతూ, ఎడారిలో గాలి వీస్తుంది, నిన్నటి దారి ఇవాళ ఉండదు అని మొదలుపెట్టారు. చెక్క మనిషిని కొంచెం కొంచెం జరిపారు. ఆకలేసింది, రాళ్లని రొట్టెలుగా చేసుకోమని మాట వినపడింది, ఆయన చేయలేదు. కథ ఐదారు నిమిషాలే. తర్వాత నీతి ఏమిటి అని అడగలేదు. ఈ కథలో మీకు ఏది బాగా నచ్చిందో అని నాకు తెలుసుకోవాలనుంది, మీరైతే ఇందులో ఎక్కడుంటారో అని తెలుసుకోవాలనుంది అన్నారు. అని ఊరుకున్నారు. పెద్దవాళ్లకి భరించలేనంత సేపు ఎవరూ మాట్లాడలేదు, ఆవిడ కదల్లేదు. తర్వాత ఒకడు, ఆ రాయి నిజంగానే రొట్టెలా ఉంది, అందుకే కష్టం అన్నాడు. ఇంకొక పాప, నేను ఆ అడుగుల్లో ఉంటా అంది. ఇసకలో చెక్క మనిషి జరిగిన గుర్తులున్నాయి కదా, వాటిలో అని. టీఏ ఈ మాటలన్నీ పిల్లలు అన్నవి అన్నట్టే ఒక కాగితం మీద రాసుకున్నారు, మంచిది, కరెక్ట్ లాంటి మాటలు టీచర్ ఎవరికీ అనలేదు.

ఈ పద్ధతి వెనక చాలా చరిత్ర ఉంది. 1954లో రోమ్‌లో సోఫియా కవల్లెట్టి అనే బైబిల్ పండితురాలు, జాన్నా గొబ్బి అనే మాంటిస్సోరి టీచర్ కలిసి మూడేళ్ల పిల్లలకి కూడా దేవుడి గురించి చేతుల్తో, వస్తువులతో చెప్పొచ్చని మొదలుపెట్టారు, దాన్ని మంచి కాపరి క్యాటెకెసిస్ అంటారు. దాన్ని చూసి అమెరికాలో జెరోమ్ బెర్రీమన్ అనే ఎపిస్కోపల్ చర్చి గురువు గాడ్లీ ప్లే పద్ధతి తయారుచేశారు, ఈ ఇసక పెట్టె, తెలుసుకోవాలనుంది అనే ప్రశ్నలు దానివే. నేను జపాలన్నీ కంఠతా నేర్చుకుని పెరిగినదాన్ని, ఇప్పటికీ పరలోక జపం, మరియమ్మ ప్రార్థన నిద్రలో లేపి అడిగినా చెప్తా, దాని విలువ నాకు తక్కువేం కాదు. ఇక్కడ కూడా భోజనం ముందు ప్రార్థన, ఇంటికెళ్లేముందు ప్రార్థన పిల్లలకి నోటికొచ్చు. కానీ కంఠతా వచ్చిన మాటలో తనెక్కడున్నానో వెతుక్కునే టైమ్ కూడా పిల్లకి ఇవ్వాలి. అది ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో నా కళ్లతో చూశా.

ఆ తర్వాత ఫ్రీ ఫ్లో, అంటే తలుపు తీసేస్తారు, లోపలా బయటా పిల్లలిష్టం. బయట ఇసకలో నలుగురు ఎడారి కట్టారు, అందులో డైనోసార్లు కూడా వచ్చాయి, రాళ్లు మూడా నాలుగా అని చూడగానే చెప్పే పోటీ పెట్టుకున్నారు. ఒక పాప ఉంది, ఇంట్లో వేరే భాష, స్కూల్‌లో చేరి కొద్ది నెలలే, వారమంతా నేను ఆ పాప గొంతు వినలేదు. కొత్త భాష వింటూ మాట్లాడకుండా ఉండే ఈ దశ మామూలేనని, తొందరపెట్టొద్దని టీచర్ మొదటిరోజే నాకు చెప్పారు, సైగలు, బొమ్మల కార్డులతో పాపకి కావాల్సినవి జరిగిపోతున్నాయి. శుక్రవారం ఆ పాప హోమ్ కార్నర్‌లో బొమ్మ స్టవ్ మీదినుంచి గిన్నెలన్నీ తీసేసి, డ్రెస్సింగ్ అప్ బుట్టలోంచి ఊదా రంగు స్కార్ఫ్ వెతికి పరిచింది, దానిమీద ఒక చెక్క ముక్క నిలబెట్టింది, ముందు కూర్చుని సిలువ గుర్తు వేసింది, కుడిచేత్తో. ఒక్క మాటా మాట్లాడలేదు. టీఏ దూరం నుంచే టాబ్లెట్‌తో ఒక ఫొటో తీసి కింద రెండు లైన్లు రాశారు, సాయంత్రానికి అది వాళ్లమ్మకి యాప్‌లో వెళ్లింది. వాళ్లమ్మ తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఫోన్ చూపిస్తూ టీచర్ చెయ్యి పట్టుకున్నారు.

ఇక పేరెంట్స్ అడిగేవాటికి, చేర్పించే సంగతికి వస్తా. అప్లికేషన్ కౌన్సిల్ ద్వారానే, ఆఖరి తేదీ జనవరి 15, ఆఫర్ ఏప్రిల్ 16న వస్తుంది. స్కూల్ సొంతంగా అడిగే సప్లిమెంటరీ ఫామ్ ఉంటుంది, అది మర్చిపోవద్దు, బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగితే దాంతోపాటే ఇవ్వాలి. సీట్లకంటే అప్లికేషన్లు ఎక్కువైతే మామూలుగా బాప్తిస్మం పొందిన క్యాథలిక్ పిల్లలకి ముందు ఇస్తారు, సీట్లు మిగిలితే మతం కారణంగా కాదనడానికి లేదు. ఆర్ఈ నుంచి, ప్రార్థనల నుంచి పిల్లల్ని తప్పించమని అడిగే హక్కు పేరెంట్స్‌కి ఉంది, కానీ నేను చూసినదాన్నిబట్టి ఈ వయసులో అది రోజు మొత్తంలో కలిసిపోయి ఉంటుంది, విడదీయడం అంత తేలిక కాదు, అది తెలిసే చేర్పించండి. ఓపెన్ డేకి వెళ్తే గోడల మీద డిస్‌ప్లేలు చూసి వచ్చేయకండి. ప్రేయర్ టేబుల్ పిల్లల చేతికి అందేంత ఎత్తులో ఉందా, మట్టి వంటిల్లు (బయట మట్టితో వంటాట ఆడుకునే చోటు), ఇసక రోజూ తెరిచి ఉంచుతారా, టీచర్ ఒక పిల్లని ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారు, ఇవి చూడండి. మా క్లాస్‌లో అయితే ఆదివారాల లెక్క పోను ఇంకా 37 రాళ్లు మిగిలున్నాయి, సోమవారం రాయి తీసే వంతు ఎవరిదని శుక్రవారం గేటు దాకా గొడవే.